ఈ కలం బాగుంది

పళ్లమేస్త్రికి బాల్‌పెన్నంటే ఒళ్లుమంట. ఎవరైనా జేబులోంచి తీసి టక్కున నొక్కి చేతికివ్వబోతే, "మీ దగ్గరే ఉంచండి, నాకు కలముంది" అని మొహం తిప్పుకుంటాడు. పార్సిలు తెచ్చిన మనిషి సంతకం పెట్టమంటే అతన్ని గుమ్మంలో నిలబెట్టి, లోపలికి వెళ్లి, సిరా నింపి ఉన్న కలమేదో వెతికి, మూత తిప్పి, సంతకం పెట్టి, అది ఆరేదాకా కాగితం తిరిగివ్వడు. మీద ఊదితే సిరా చెదురుతుందట, అందుకని ఊదడు కూడా. ఆ పార్సిలు మనిషి ఈ వీధికొచ్చిన రోజున వీళ్లిల్లు ఆఖరుకు పెట్టుకుంటాడని వాళ్లావిడ అంటుంది. పెట్టుకోడూ మరి!

ఇంత పట్టింపు ఉన్న మనిషి ఏ రచయితో, ఏ ఆఫీసులో పెద్ద గుమాస్తానో అనుకునేరు. కాదు. ఆయన పని కట్టుడుపళ్లు తయారుచేయడం. పళ్ల డాక్టరమ్మ ఆసుపత్రి వెనక, కిటికీ వెంబడి పొడవాటి బల్ల ఉన్న గది ఆయనది. డాక్టరమ్మ నోటి కొలత తీసి పంపుతుంది. ఈయన ప్లాస్టర్‌తో అచ్చు పోసి, మైనంలో చిగుళ్లు మలిచి, అందులో ఒక్కో పన్నూ కూర్చి, చివరికి దాన్ని గట్టి సెట్టుగా మారుస్తాడు. చొక్కా మీదా, చెవుల మీదా, కనుబొమ్మల మీదా ఎప్పుడూ తెల్లటి పొడే. చిగురుకూ పంటికీ మధ్య సన్నటి గీతను కత్తిమొనతో చెక్కేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టేవాడు. ఆ గీత కుదిరిందంటే ఆ మనిషి పకపకా నవ్వినా అవి కట్టుడుపళ్లని ఎవరూ పోల్చుకోలేరు. "మా మేస్త్రిగారి హస్తవాసి అలాంటిది" అని డాక్టరమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది.

ఆయనకు పని నేర్పిన గురువు ఒకే ఒక్క సూత్రం చెప్పి పోయాడు. నోరు అబద్ధమాడదు. సెట్టు పెట్టుకున్న మనిషి నొప్పన్నాడంటే తప్పు సెట్టుదే. వాదించకు, అరగదీయి. పళ్లమేస్త్రి ఆ మాట ఏనాడూ జవదాటలేదు. నొప్పి అని వచ్చినవాళ్ల చేత నీలిరంగు కాగితం కొరికించి, సెట్టు మీద ఎక్కడ నీలం అంటితే అక్కడ రవ్వంత గీకి ఇచ్చేవాడు. వాళ్లు దవడ అటూ ఇటూ ఆడించి, "హమ్మయ్య" అనేవారు. ఆ హమ్మయ్య వినడానికే ఆయన బతికేవాడంటే అతిశయోక్తి కాదు.

ఇక కలాలు. ఎన్ని ఉన్నాయంటే ఆయనే చెప్పలేడు. విడిపళ్లు అమ్మేవాళ్లు వాటిని పల్చటి అరలున్న పెట్టెల్లో పంపుతారు. పళ్లు అయిపోయాక ఆ పెట్టెలన్నీ ఇంటికి చేరతాయి, ఒక్కో అరలో ఒక్కో కలం పడుకుంటుంది. ప్రతిదానికీ ఒక ముద్దుపేరు. లావుపాటి నల్లది పెద్దమ్మ. బంగారు పాళీతో మెరిసిపోయేది పెళ్లికొడుకు. ఎంత తుడిచినా మూతలో చుక్క కార్చేది ఏడుపుగొట్టు. ఎన్నాళ్లు పక్కన పడేసినా ముట్టుకోగానే రాసేది బుద్ధిమంతుడు. సెలవురోజున వాటిని బల్లమీద పరిచి, గోరువెచ్చటి నీళ్లతో కడిగి, పాత బనియను గుడ్డమీద ఆరబెట్టి, దేనికి ఏ సిరా పోయాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాడంటే ఇక ఆయనకు లోకం పట్టదు. సిరాబుడ్డి మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. వాళ్లావిడ అది చూసి, "పొద్దున్నే మొదలుపెట్టారా తాగుడు?" అంటుంది.

ఆవిడ ఇంట్లోనే బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఆవిడకు మొదట్నుంచీ దగ్గరి చూపు తక్కువ. అందుకని పొద్దున లేవగానే మిషను సూదిలో దారమెక్కించడం మేస్త్రి పని. దారం కొస తడిచేసుకుని, ఒక్క పోటుకు ఎక్కించేసి, "ఇక తొక్కు నీ రైలు" అని లేచేవాడు. పెళ్లయిన కొత్తలో మొదలైన అలవాటది.

"ఇంత హడావిడి చేస్తారు, ఆ కలాలతో రాసేదేమిటండీ?" అని ఆవిడ ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో!

రాసేది ఒక్కటే మాట. ఈ కలం బాగుంది. కొత్తదైనా, పాతదైనా, కడిగిన ప్రతిసారీ అదే. అందులో సున్నాలున్నాయి కదా, సున్నా చుట్టూ తిరిగి, ఎక్కడా తెగకుండా మొదలుపెట్టిన చోటికే వచ్చి కలిసిందంటే పాళీ మంచిదని ఆయన లెక్క.

"బాగోకపోయినా బాగుందనే రాస్తారు. ఇంకేం పరీక్ష?"

"మాట కాదే చూడాల్సింది, గీత."

మొదట మొరాయించింది బుద్ధిమంతుడు. సున్నా చుట్టేటప్పుడు పాళీ కాగితాన్ని పట్టుకుంది. సున్నా పక్కన చిన్న కోరపన్ను మొలిచినట్టు గీత బయటికి పొడుచుకొచ్చింది. మేస్త్రి ఆశ్చర్యపోయి, భూతద్దం కింద పెట్టి చూశాడు. భూతద్దంలో చూస్తే ఏ పాళీకైనా ఏదో ఒక వంక కనబడుతుంది, వెతికేవాడికి దొరక్కపోదు. పంటిసెట్లకు మెరుగుపెట్టే నున్నటి ఉప్పుకాగితం ఇంట్లోనూ ఉంది. దానిమీద పాళీని నెమ్మదిగా తిప్పితిప్పి రుద్దాడు. మళ్లీ రాస్తే కాస్త నయమనిపించింది. కొన్నాళ్లకు మళ్లీ అదే గీకుడు. మళ్లీ రుద్దాడు. తర్వాత పెద్దమ్మ మొదలుపెట్టింది. ఆ తర్వాత పెళ్లికొడుకు. మీరే చెప్పండి, ఒక ఇంట్లో ఉన్న కలాలన్నీ కూడబలుక్కుని ఒకదాని వెనక ఒకటి చెడిపోతాయా? బుర్ర ఉన్న మనిషికి అనుమానం రావద్దూ? రాలేదు. బతుకంతా సెట్టుదే తప్పని నమ్మి, సెట్టును అరగదీసి, హమ్మయ్య అనిపించుకున్న మనిషికి కలం గీకిందంటే తప్పు కలానిదే.

పాళీ చివర గట్టి లోహంతో చేసిన చిన్న గింజ ఉంటుంది. అది కాస్తా అరిగిపోయిందంటే ఆ కలం కథ ముగిసినట్టే. పెళ్లికొడుకు గింజ పూర్తిగా పోయిన రోజున మేస్త్రి ఆ కలాన్ని అరలో పెట్టి, పెట్టె మూసి, అన్నం కూడా సరిగ్గా తినలేదు. "ఈ కాలం కాగితాలు కూడా మంచివి రావడం లేదు" అన్నాడు. వాళ్లావిడ ఏదో అనబోయి, కూర గిన్నె ముందుకు జరిపింది.

ఆసుపత్రి వెనక గదిలోనూ ఇదే తంతు. మైనంలో గీత గీస్తుంటే కత్తి జారింది. కత్తి మొండిబారిందన్నాడు, కొత్తది తెప్పించాడు. అదీ జారింది. మైనం నాసిరకమన్నాడు. దీపం వెలుతురు చాలదన్నాడు. సెట్లు నొప్పి పెడుతున్నాయని వెనక్కి రావడం ఎక్కువైంది. ఒకరోజు డాక్టరమ్మ తలుపు దగ్గర నిలబడి, "మేస్త్రిగారూ, ఈ మధ్య బాగా అలిసిపోతున్నారా? కొన్నాళ్లు సెలవు తీసుకోకూడదూ?" అంది.

"నాకేమైందమ్మా అలిసిపోవడానికి? సరైన సామాను తెప్పించండి, పని దానంతటదే నడుస్తుంది" అని కస్సుమన్నాడు. ఆవిడ తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది. పని తప్ప ఇంకేదీ చేతకాని మనిషి కదా, ఆ పనే చెయ్యిజారిపోతుందేమోనన్న భయం లోపలెక్కడో ఉండబట్టే అంత కోపం వచ్చింది. ఆ సంగతి ఆయనకు తప్ప అందరికీ తెలుసు.

ఊళ్లో కలాల పిచ్చి ఉన్నవాళ్లు కొందరున్నారు. ఆదివారం పొద్దున పాత గ్రంథాలయం మేడమీద గదిలో కలుస్తారు. అక్కడొక పద్ధతి ఉంది. ఎవరి కలం వాళ్లు మూత తీసి పక్కవాడికిస్తారు. అది గుండ్రంగా చేతులు మారుతూ పోతుంది. ఒకే కాగితం మీద అందరూ తలా ఒక వరుస రాస్తారు. నొక్కి రాయకూడదు, మూత వెనక తగిలించకూడదు, రాశాక గుడ్డతో తుడిచే ఇవ్వాలి. మందుల షాపు నడిపే అమ్మాయి, గడియారాలు బాగుచేసే ఆయన, ఇంకా ఒకరిద్దరు. వాళ్లతోపాటు గార్డన్నయ్య.

గార్డన్నయ్య రైల్లో గార్డుగా చేసి, రిటైరై దిగిపోయాడు. ఉద్యోగమంతా గూడ్సు బండి ఆఖరి పెట్టెలోనే. గొంతు తెరిచాడంటే మేడకింద చదువుకునేవాళ్లు తలెత్తి చూడాల్సిందే. ఆయనది పోగుచేసే పిచ్చి కాదు. ఆయనకున్నది ఒక్కటే కలం, మూతకున్న వెండిపట్టీ ఎప్పుడో ఊడిపోయిన నల్లటి కలం. బండి దడదడలాడుతుంటే రాయాల్సిన రాతలన్నీ దాంతోనే రాశాడు. దిగిపోయాక కూడా పొద్దున్నే లేచి ఆ రోజు గాలి ఎటుందో, మబ్బు పట్టిందో లేదో రాసుకుంటాడు. ఎవరూ అడగరు. అయినా రాస్తాడు. ఆ కలాన్ని మాత్రం చేతులు మారనివ్వడు. ఎవరైనా అడిగితే నోట్లోంచి పళ్లసెట్టు తీసి చూపించి, "ఇదిస్తే పెట్టుకుంటావా? అదీ అంతే" అనేవాడు. ఆ సెట్టు మేస్త్రి చేసిందే. అందరూ ఛీ ఛీ అంటూ నవ్వేవారు.

ఒక ఆదివారం ఆ కలం మొండికేసింది. లోపల సిరా పట్టే రబ్బరు తిత్తి ఎండిపోయి ముక్కలైంది. గార్డన్నయ్య మొహం చిన్నబోయింది. వెళ్లేటప్పుడు మేస్త్రిని పక్కకు పిలిచి, జేబురుమాల్లో చుట్టిన కలాన్ని చేతిలో పెట్టాడు.

"తమ్ముడూ, నువ్వు కాబట్టి ఇస్తున్నా. తిత్తి మార్చు. పాళీ జోలికి మాత్రం పోకు."

"అంత మాటన్నావేం అన్నయ్యా? నేనేమైనా చిన్నపిల్లాణ్ణా?"

"ఏమో, నీ చేతులు ఊరుకోవు కదా."

ఇంటికొచ్చి, పాత తిత్తి పీకేసి, కొత్తది తొడిగి, అంచుకు లక్క రాసి, ఆరాక సిరా నింపాడు. అక్కడికి మాట నిలబెట్టుకున్నట్టే. కానీ సరిగ్గా రాస్తుందో లేదో చూడకుండా ఎలా ఇస్తాడు? కాగితం తీసి, ఈ కలం బాగుంది అని రాశాడు. సున్నా దగ్గర పాళీ తట్టుకుంది. మళ్లీ రాశాడు. మళ్లీ తట్టుకుంది.

"అయ్యో పాపం, ఇన్నేళ్లూ ఈ గీకుడు ఎలా భరించాడే ఆయన!" అన్నాడు.

మిషను తొక్కుతున్న ఆవిడ పాదం ఆగింది. "అన్నయ్యగారు పాళీ ముట్టుకోవద్దన్నారని మీరే చెప్పారు కదండీ?"

"ఆయనకేం తెలుసు? అలవాటైపోయి బాధ తెలియడం లేదు. పుండు పడ్డాక కూడా సెట్టు బాగుందనే వాళ్లను ఎంతమందిని చూడలేదు నేను!"

"వద్దండీ. చెబితే వినండి. ఒకసారి..." చెప్పేస్తే అయిపోయేది. చెప్పలేకపోయింది.

"ఒకసారి ఏంటి?"

"ఏం లేదు. టీ పెట్టనా?"

ఆయన అప్పటికే ఉప్పుకాగితం తీశాడు. ఈసారి తిప్పి రుద్దడంతో ఆగలేదు. గీకుడు పూర్తిగా పోవాల్సిందేనని పంతం పట్టాడు. గింజను ఒకవైపు చదును చేసి, అంచులు గుండ్రంగా లాగాడు. సిరా ధారాళంగా దిగడానికి చీలికను కాస్త వెడల్పు చేశాడు. రాసి చూస్తే గీత లావుగా, తడితడిగా, వెన్నరాసినట్టు జారిపోయింది. సున్నా నిండుగా కూర్చుంది. ఎన్నాళ్ల తర్వాతో అలాంటి సున్నా చూసి ఆయన కళ్లు చెమర్చాయి. పిల్లాడిలా ఆ వాక్యాన్నే కాగితం నిండా రాసుకుంటూ పోయాడు. ఆ సంతోషం చూడలేక వాళ్లావిడ వంటింట్లోకి వెళ్లి నిలబడింది.

ఆదివారం గార్డన్నయ్య అందరికంటే ముందొచ్చి కూర్చున్నాడు. మేస్త్రి కొత్త అల్లుణ్ణి గుమ్మంలోకి తెచ్చినట్టు కలాన్ని తెచ్చి ముందు పెట్టాడు. గార్డన్నయ్య మూత తీసి, తన పద్ధతిలో కలాన్ని నిటారుగా పట్టుకుని గీత గీశాడు. ఏమీ పడలేదు. మళ్లీ గీశాడు. అక్కడక్కడ ఒక మరక, మధ్యలో ఖాళీ. కాస్త నొక్కాడు. సిరా ఒక్కసారిగా బొట్టుగా కారింది.

గార్డన్నయ్య మేస్త్రి వైపు తిరిగాడు.

"పాళీ ముట్టుకున్నావా?"

"బాగుచేశానన్నయ్యా. నీకు తెలియడం లేదు గానీ అది గీకుతోంది. నువ్వు గీకుడుకి అలవాటుపడిపోయావు."

"నేను నిన్ను అడిగానా?" గార్డన్నయ్య గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "వద్దని చెప్పానా లేదా?"

మేస్త్రికి చెవులు ఎర్రబడ్డాయి. "ఇలా ఇవ్వు. నువ్వు పట్టుకోవడంలో ఉంది తేడా. చూడు, ఎలా రాస్తుందో!" అని కలం లాక్కుని రాశాడు. ఈ కలం బాగుంది. లావుగా, నల్లగా, ఎక్కడా తెగకుండా పడింది. "చూశారా?" అని అందరి వైపూ తిప్పి చూపించాడు.

గార్డన్నయ్య ఆ కాగితాన్ని దగ్గరికి తీసుకుని చూశాడు. ఆ వరుసను చూశాడు, తర్వాత మేస్త్రి చేతిని చూశాడు. ఆయన మొహంలో కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"అమ్మాయ్, నీ కలం ఒకసారి ఇవ్వు" అన్నాడు మందుల షాపు అమ్మాయితో. అది మొన్ననే కొన్న సన్నపాళీ కలం. "తమ్ముడూ, దీంతో రాయి."

మేస్త్రి రాశాడు. సున్నా దగ్గర పాళీ తట్టుకుంది. కోరపన్ను బయటికొచ్చింది. "ఇదీ గీకుతోంది. కొత్తవన్నీ ఇంతే" అన్నాడు. ఆ అమ్మాయి ఏమీ తోచక తన కలం అందుకుని, అదే వాక్యం కింద రాసింది. సున్నాలు ముత్యాల్లా వచ్చాయి. రాశాక ఆ పిల్ల ఎందుకు రాశానా అన్నట్టు తలవంచుకుంది.

గడియారాల ఆయన దగ్గి, కింద టీ తాగొస్తామని మిగతావాళ్లను లేపాడు. గదిలో ఇద్దరే మిగిలారు.

"తమ్ముడూ, నేను ఉద్యోగమంతా కదిలే బండిలో రాసినవాణ్ణి. నా పాత రాతలు చూస్తే అన్నీ వంకర్లే. కానీ ఆ వంకర ఎలా ఉంటుందో తెలుసా? బండి అదిరితే కాగితమూ అదురుతుంది, చెయ్యీ అదురుతుంది. వరుస మొత్తం ఒక్కసారి ఎగురుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. నీది అలా లేదు. అక్షరం అక్షరంలోనూ సన్నటి వణుకుంది." కాగితం మేస్త్రి ముందుకు జరిపాడు. "నా కలంతో నువ్వు రాసిన ఈ లావు గీతలోనూ ఉంది, సిరా కింద దాక్కుంది అంతే. ఇక్కడ బండి లేదురా. నీ కుర్చీ కదలడం లేదు."

మేస్త్రి దిగ్గున లేచాడు. "నీ కలం పాడైందన్న కడుపుమంటతో ఏదో ఒకటి అంటున్నావు" అని, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా మెట్లు దిగిపోయాడు.

ఇంటికి పోలేదు. నేరుగా ఆసుపత్రి వెనక గదికి పోయి తాళం తీశాడు. సెలవురోజు కాబట్టి ఎవరూ లేరు. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ బల్లమీద పడుతోంది. అన్నయ్య మాట తప్పని రుజువు చేయడానికే వచ్చాడు. తెల్లకాగితం పరిచాడు. జేబులోని కలం తీశాడు. కాగితానికి ఆనించకుండా, వేలెడెత్తున గాలిలో పట్టుకుని చూశాడు.

పాళీ నీడ కాగితం మీద పడింది. నీడ వణుకుతోంది.

కాగితం తగల్లేదు. గీకుడు లేదు. పాళీది తప్పనడానికి అక్కడ ఏ వంకా లేదు. కలం మార్చి పెన్సిలు పట్టుకున్నాడు. పెన్సిలు పడేసి మైనపు కత్తి పట్టుకున్నాడు. అన్నీ పడేసి ఉత్త వేలు చాపాడు. నీడ వణుకుతూనే ఉంది. ఎడమచేత్తో కుడిచేతిని గట్టిగా పట్టుకున్నాడు, పట్టుకున్నంతసేపూ ఆగింది, వదలగానే మళ్లీ మొదలైంది. మేస్త్రికి భయమేసింది. స్టూలు మీద కూలబడ్డాడు.

ఎదురుగా ఒక పెద్దావిడ సెట్టు ఉంది. రేపు పొద్దున ఇవ్వాల్సింది. దాన్ని తీసి లోపలి అంచును వేలితో తడిమాడు. ఎప్పుడూ అద్దంలా ఉండాల్సిన చోట సన్నటి మెట్లు తగిలాయి. అవి ఆవిడ చిగుళ్లను కోసేస్తాయి. ఆవిడ నొప్పని వస్తుంది. తను నీలం కాగితం కొరికించి, ఇంకా అరగదీస్తాడు. ఇన్నాళ్లూ వెనక్కొచ్చిన సెట్లన్నీ గుర్తొచ్చాయి. నోరు అబద్ధమాడదని గురువు చెప్పింది నిజమే. ఎన్ని నోళ్లు ఎన్నిసార్లు చెప్పాయి! విన్నాడా? బుద్ధిమంతుడు చెప్పింది, పెద్దమ్మ చెప్పింది, పెళ్లికొడుకు ప్రాణం పోగొట్టుకుని మరీ చెప్పింది. మేస్త్రి బల్లమీద తల ఆనించి ఏడ్చాడు.

తర్వాత మొహం కడుక్కుని డాక్టరమ్మకు ఫోను చేశాడు. "అమ్మా, రేపు ఆ పెద్దావిడకు సెట్టు ఇవ్వకండి. అది సరిగ్గా రాలేదు. సామానుది కాదమ్మా తప్పు" అన్నాడు. "సరే మేస్త్రిగారూ. నాకు తెలిసిన నరాల డాక్టరున్నారు, నేను మాట్లాడతాను" అంది. అంటే ఆవిడకూ ఎప్పుడో తెలుసన్నమాట.

ఇంటికొచ్చేసరికి వాళ్లావిడ మిషను దగ్గర ఉంది. ఆయన వెళ్లి సూది వైపు చూశాడు. దారం ఎక్కించే ఉంది. తను ఎక్కించి ఎన్నాళ్లయిందో గుర్తురాలేదు.

"దీంట్లో దారం ఎవరెక్కించారు?"

ఆవిడ మొహం పాలిపోయింది. "నేనే. కళ్లు బాగానే కనబడుతున్నాయి ఈ మధ్య."

"నీకా! బియ్యంలో రాయి కనబడని దానివి! ఎప్పట్నుంచి నువ్వెక్కిస్తున్నావు?"

"మీకు రెండుమూడు సార్లు గురితప్పింది చూడండి, అప్పట్నుంచి." "మీరు లేవకముందే లేచి కూర్చుంటున్నా. ఎంతసేపైనా ఎక్కితేగా ఆ పాడు దారం! చెబుదామనుకున్నా ఎన్నోసార్లు. ఆ చెయ్యే కదండీ మీకున్నది. ఏ నోటితో చెప్పమంటారు?"

"చెప్పి ఉంటే పెళ్లికొడుకైనా మిగిలేవాడు కదే."

"పెళ్లికొడుకూ లేదు, నా మొహమూ లేదు! నాకు మీరు మిగిలితే చాలు" అని ఆవిడ ఆయన చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని గట్టిగా నొక్కింది. చెయ్యి ఆవిడ అరచేతుల్లోనూ ఊరుకోలేదు.

మర్నాడు సాయంత్రం గార్డన్నయ్య వచ్చాడు. గుమ్మంలోంచే, "చెల్లెమ్మా, టీ ఉందా, లేక నీ మొగుడి సిరాయే పోస్తావా?" అని కేకేశాడు. మేస్త్రి లేచి నిలబడ్డాడు గానీ తలెత్తలేకపోయాడు.

"అన్నయ్యా, నీ కలం..."

"అది నాది కాదులే ఇక" అని గార్డన్నయ్య ఆ నల్లకలాన్ని బల్లమీద పెట్టాడు. "నా చేతికి రాదు, ఎలా పట్టుకున్నా రాదు. ఒకరి సెట్టు ఇంకొకరి నోటికి పట్టదని నువ్వే అనేవాడివి. నీ చేతికి సరిపోయేలా చేసుకున్నావు, నువ్వే ఉంచుకో."

"మరి నువ్వు దేంతో రాస్తావు?"

"పెన్సిల్తో. మబ్బుకేం, దేంతో రాసినా మబ్బే" అన్నాడు. కానీ అటు తిరిగి కిటికీలోంచి చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. ఉద్యోగమంతా చేతిలో ఉన్న వస్తువు పోతే మనిషికి బాధ ఉండదా? ఉంది. ఆ బాధను తమ్ముడి ముందు పెట్టకూడదనుకున్నాడు, అంతే. టీ తాగాక, కదిలే బండిలో ఎలా రాయాలో చూపించాడు. మోచెయ్యి బల్లకు ఆనించాలి, వేళ్లు బిగించకూడదు, అదురుతో పోట్లాడకూడదు, అది తగ్గిన క్షణంలో అక్షరం వేసేయాలి. మేస్త్రి నేర్చుకున్నాడు. ఆ లావుపాళీతో అలా రాస్తే వణుకు చాలావరకు కనబడలేదు. అయినా ఆయనకు తెలుసు. ఎంత బాగా కుదిరిన సెట్టయినా, లోపల చిగురు కరిగేకొద్దీ మళ్లీ వదులవుతుంది. ఈ కలమూ అంతే.

నరాల డాక్టరు గదిలోకి ముగ్గురూ వెళ్లి కూర్చున్నారు. డాక్టరు చిన్నవాడు, నెమ్మదస్తుడు. చేతులు చాపమన్నాడు, ముక్కు ముట్టుకోమన్నాడు, నడిచి చూపమన్నాడు. ఆఖరుకు ఒక తెల్లకాగితం పెట్టి, దాని మీద ఒక బాల్‌పెన్ను పెట్టాడు.

"ఏదైనా ఒక వాక్యం రాయండి. మీ ఇష్టం."

మేస్త్రి చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. నల్లకలం బయటికొచ్చింది. మూత సగం తిప్పాడు. ఆ కలంతో, మోచెయ్యి ఆనించి రాస్తే వరుస నిండుగా వస్తుంది, సున్నాలు గుండ్రంగా కూర్చుంటాయి, ఫరవాలేదండీ అని డాక్టరు అనొచ్చు, రేపు మళ్లీ బల్ల దగ్గర కూర్చోవచ్చు. వాళ్లావిడ ఊపిరి బిగబట్టి ఆయన్నే చూస్తోంది. గార్డన్నయ్య నోట్లో పళ్లసెట్టు కటుక్కుమంది.

మేస్త్రి మూత మళ్లీ బిగించి, నల్లకలాన్ని జేబులో పెట్టుకున్నాడు. డాక్టరు పెట్టిన బాల్‌పెన్ను తీసుకుని టక్కున నొక్కాడు. మోచెయ్యి బల్లకు ఆనించలేదు. రాశాడు. గీత సన్నగా, ఎండుగా, ఎక్కడికక్కడ వణుకుతూ సాగింది. సున్నాలు కలవలేదు. రాయడం అయ్యాక కాగితాన్ని డాక్టరు వైపు తిప్పాడు.

ఈ కలం బాగుంది, అని ఉంది దాని మీద.

డాక్టరు గీతను చూశాడు. వాళ్లావిడ మాట చదివింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల పక్కకు తిప్పుకుంది.